ఆ ఓడలో మనమూ ఉన్నాం!

ఎన్నడూ చూడని ఊరు. ఒక్క ముక్క అర్థంకాని భాష. ఎవరికి ఎలా నమస్కరించాలో తెలీదు... ఎవరికి ఎందుకు కోపమొస్తుందో అంతకన్నా తెలీదు. అలాంటిచోట కథానాయకుడు అడుగుపెడితే అతనితోపాటే పాఠకుడూ ఓనమాలు దిద్దుకుంటాడు. పరదేశి కథ చెప్పే చారిత్రక నవలల్లోని మజా అదే. జేమ్స్ క్లావెల్ 1975లో రాసిన వెయ్యికి పైగా పేజీల ఇంగ్లిష్ నవల 'షోగన్' అలాంటిదే.

దీనికి మూలం నిజంగా జరిగిన కథ. 1598లో రాటర్‌డామ్ నుంచి ఐదు డచ్చి ఓడలు బయల్దేరితే, 1600 ఏప్రిల్‌లో జపాన్ చేరింది ఒక్కటే. ప్రాణాలతో మిగిలింది సుమారు ఇరవై నలుగురు. వారిలో ఆంగ్లేయుడు విలియం ఆడమ్స్ ఒకడు. వీళ్లు సముద్రపు దొంగలు, చంపెయ్యమని పోర్చుగీసు జెస్యూట్ మతగురువులు పట్టుబట్టారు. టొకుగావా ఇయెయాసు వినలేదు. ఆడమ్స్‌తో ఓడలు కట్టించాడు, గణితం చెప్పించుకున్నాడు, జాగీరిచ్చి సమురాయ్‌ని చేశాడు. ఇంగ్లండులో భార్యాబిడ్డలున్న ఆడమ్స్‌కు అక్కడా ఓ సంసారం ఏర్పడింది. 1613లో ఇంగ్లిష్ ఓడలో స్వదేశానికి వెళ్లే వీలున్నా వెళ్లలేదు. 1620లో హిరాడోలో కన్నుమూస్తూ ఆస్తిని రెండు కుటుంబాలకూ పంచాడు.

నవలలో అతని పేరు బ్లాక్‌థార్న్. స్నానం చేస్తే జబ్బు చేస్తుందని హడలిపోతాడు. అతను జపానీయుల్ని అనాగరికులనుకుంటే, వాళ్లూ అతన్ని అలాగే అనుకుంటారు! ఒక్కో మాట నేర్చుకునేకొద్దీ ఆ అహంకారం కరుగుతుంది. కొత్త దేశంలో మొదటి నెల గడిపినవారికి ఆ తడబాటు బాగా తెలుస్తుంది.

ఇంతకీ క్లావెల్ ఎవరు? రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యానికి చిక్కి, సింగపూర్‌లోని చాంగీ శిబిరంలో మగ్గిన ఖైదీ! అయినా నవలలో తనను బంధించినవారిపై పగ కనిపించదు... వాళ్లు ఎందుకలా ఆలోచిస్తారో తెలుసుకునే ప్రయత్నమే కనిపిస్తుంది.

అయితే నవలే చరిత్ర కాదు. మరికో పాత్రకు మూలమైన హొసొకావా గ్రేసియా 1600లోనే మరణించింది. ఆమె ఆడమ్స్‌ను కలిసిన దాఖలాలే లేవు. కాబట్టి నవల ముగించాక చరిత్ర పుస్తకమూ తిరగెయ్యడం మంచిది.

తీరిక లేనివారికి టీవీ సీరియళ్లున్నాయి. 1980లో వచ్చినదాంట్లో జపనీస్ సంభాషణలకు చాలావరకు అనువాదమే ఇవ్వలేదు... హీరోలాగే ప్రేక్షకుడూ తెల్లమొహం వెయ్యాల్సిందే! 2024 సీరియల్‌లో ఎక్కువ భాగం జపనీసే, కింద ఇంగ్లిష్ అక్షరాలతో. అదే ఏడాది 18 ఎమ్మీలు గెలుచుకుంది. పుస్తకంలో మాత్రం ఆ భాషను బ్లాక్‌థార్న్‌తోపాటు మనమూ ఒక్కో మాటగా నేర్చుకుంటాం.