చదివించిన దేశం, కొలువివ్వని దేశం

ట్యునీషియాకు జూలై 25 అచ్చొచ్చిన తేదీ అనాలో, అచ్చిరాని తేదీ అనాలో చెప్పడం కష్టం. 1957లో ఆ రోజునే రాచరికం రద్దై దేశం గణతంత్రమైంది. 2013లో ఆ రోజునే ప్రతిపక్ష నాయకుడు మొహమ్మద్ బ్రాహ్మీని ఇంటి ముందు కాల్చి చంపారు. 2019లో అధ్యక్షుడు బేజీ కాయిద్ ఎసెబ్సీ అదే రోజు కన్నుమూశారు. 2021లో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును నిలిపివేసిందీ, మరుసటి ఏడాది తన కొత్త రాజ్యాంగాన్ని ప్రజల ముందు ఓటుకు పెట్టిందీ కూడా జూలై 25నే.

విస్తీర్ణంలో ఆ దేశం ఇంచుమించు మన ఆంధ్రప్రదేశ్ అంత. జనాభా మాత్రం కోటీ ఇరవై లక్షలే. పడమర అల్జీరియా, ఆగ్నేయాన లిబియా. ఆ రెండింటి నేల కింద ఉన్నంత చమురు, గ్యాస్ ట్యునీషియాకు లేవు. 1956లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకున్నప్పుడు మొదటి నాయకుడు హబీబ్ బుర్గీబా తమకున్న ఆస్తి మనుషులేనని లెక్క వేసుకున్నాడు. ఆయన స్వయంగా చదువుతో పైకొచ్చినవాడు. సంస్కర్త ఖైరుద్దీన్ పాషా 1875లో స్థాపించిన సాదికీ కళాశాలలో చదివి, పారిస్‌లో న్యాయశాస్త్రం పూర్తిచేశాడు. స్వాతంత్ర్యం వచ్చిన అయిదు నెలలకే బహుభార్యత్వాన్ని నిషేధిస్తూ కుటుంబ చట్టం తెచ్చాడు. 1958లో విద్యా సంస్కరణలు మొదలుపెట్టాడు. బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా చదువు ఉచితం చేసి, కొత్త రాజ్యం బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే ఇచ్చాడు. ఆరేళ్ల నుంచి పదహారేళ్ల దాకా బడి తప్పనిసరి అన్న చట్టం 1991లో వచ్చింది. ఇవాళ అక్కడి విశ్వవిద్యాలయాల్లో నూటికి అరవై మందికి పైగా అమ్మాయిలే.

ఇంత చేసిన బుర్గీబా ప్రజాస్వామ్యాన్ని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. 1975లో జీవితకాల అధ్యక్షుడినని ప్రకటింపజేసుకున్నాడు. 1987 నవంబరు 7న ప్రధానమంత్రి బెన్ అలీ, ఆయన పాలించే స్థితిలో లేడని వైద్యుల చేత సంతకాలు పెట్టించి గద్దె దింపి, తానే అధ్యక్షుడయ్యాడు.

బడి లోపల ఇంకో చిక్కుంది. తొమ్మిదో తరగతి దాకా లెక్కలు, సైన్సు అరబ్బీలో చెబుతారు. ఆపైన నాలుగేళ్ల మాధ్యమిక దశలో అవే పాఠాలు ఫ్రెంచిలోకి మారిపోతాయి. తెలుగు మాధ్యమంలో పది పాసై, ఇంటర్లో ఇంగ్లిషులో భౌతికశాస్త్రం విన్న వాళ్లకు ఆ మొదటి నెలల అవస్థ చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఫ్రెంచి వినిపించే రాజధాని పిల్లలు గట్టెక్కుతారు. లోతట్టు జిల్లాల పిల్లలు వెనకబడతారు. ఆ దశ చివర 'బాకలోరియా' పరీక్ష ఉంటుంది. విశ్వవిద్యాలయంలో ఏ కోర్సు దొరుకుతుందో తేల్చేవి ఆ మార్కులే కనుక ఆ ఏడాది ఇంటిల్లిపాదికీ పరీక్షే.

అన్నీ గట్టెక్కి పట్టా పుచ్చుకున్నవారికి ఎదురయ్యేది నిరుద్యోగం. పట్టభద్రుల్లో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు. దర్జీ పనికీ, పర్యాటకానికీ, కాల్ సెంటర్లకూ అలవాటుపడ్డ ఆర్థిక వ్యవస్థకు ఇంతమంది చదువరులు అక్కర్లేదు. ఈ కోపం మొదట బద్దలైంది గఫ్సా ఫాస్ఫేటు గనుల దగ్గర. 2008 జనవరిలో ప్రభుత్వ గనుల కంపెనీ నియామకాల ఫలితాలు ప్రకటించగానే, కొలువులు పలుకుబడి ఉన్నవారికే పోయాయంటూ రెదేయెఫ్ పట్టణం వీధికెక్కింది. ఆందోళన నెలల తరబడి సాగింది. తెలుగు పాఠకులకు ఆ గనులు అంత పరాయివేం కావు. గఫ్సా ఫాస్ఫేటు నుంచి తీసే ఫాస్ఫారిక్ ఆమ్లం మన డీఏపీ ఎరువుకు ముడిసరుకు. స్కీరా రేవులోని ఆమ్ల కర్మాగారంలో సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే కోరమాండల్ సంస్థ వాటా తీసుకుంది కూడా.

2010 డిసెంబరు 17న సీదీ బూజీద్‌లో తోపుడుబండి వ్యాపారి మొహమ్మద్ బువాజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆయన పట్టభద్రుడని అప్పట్లో లోకమంతా రాసింది. నిజానికి హైస్కూలు కూడా పూర్తిచేయలేదు. ఆ పుకారును ఎవరూ అనుమానించకపోవడమే ఆనాటి పరిస్థితికి నిదర్శనం. ఆ మంట దేశమంతా ఆందోళనగా మారడంతో 2011 జనవరి 14న బెన్ అలీ సౌదీ అరేబియాకు పారిపోయాడు. 2014లో అరబ్బు ప్రపంచం మెచ్చుకున్న రాజ్యాంగం వచ్చింది. మరుసటి ఏడాది అక్కడి నాలుగు పౌర సంస్థల కూటమికి నోబెల్ శాంతి బహుమతీ వచ్చింది. ఉద్యోగాలు మాత్రం రాలేదు. ప్రభుత్వాలు వచ్చి పోతుంటే విసిగిపోయిన జనం 2019లో పార్టీ లేని రాజ్యాంగ శాస్త్ర అధ్యాపకుడు కైస్ సయీద్‌ను ఎన్నుకున్నారు. యువత ఆయన వెనక నిలిచింది. ఆయన రాజ్యాంగ పాఠం పార్లమెంటు మూతతో ముగిసింది. 2022 రాజ్యాంగం ప్రకారం ప్రధానిని నియమించేదీ, తొలగించేదీ అధ్యక్షుడే.

విదేశాంగం ఒకప్పుడు ఆ దేశానికి స్థాయికి మించిన గౌరవం తెచ్చింది. ఈజిప్టు ఇజ్రాయెల్‌తో సంధి చేసుకున్నాక 1979లో అరబ్ లీగ్ కార్యాలయం ట్యూనిస్‌కు తరలింది. 1982లో బీరుట్ విడిచిన యాసర్ అరాఫత్‌కు ఆశ్రయమిచ్చిందీ ట్యునీషియానే. అందుకు మూల్యంగా 1985 అక్టోబరు 1న ఇజ్రాయెల్ విమానాల బాంబులు భరించింది. ఇప్పుడు యూరప్‌తో బేరమంతా వలస పడవల మీదే. ఇటలీ దీవి లాంపెదూసా ట్యునీషియా తీరానికి దగ్గర. వలసలను ఆపితే డబ్బిస్తామని యూరోపియన్ యూనియన్ 2023 జూలైలో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఆరు కోట్ల యూరోల సాయాన్ని సయీద్ వెనక్కి పంపాడు. 190 కోట్ల డాలర్ల ఐఎంఎఫ్ రుణాన్నీ, సబ్సిడీల కోత షరతులు నచ్చక వద్దన్నాడు. స్వాభిమానం వినడానికి బాగుంటుంది. దుకాణాల్లో పంచదార, పాలు దొరకని రోజులను మాత్రం అది తప్పించలేదు.

2024 అక్టోబరు ఎన్నికల్లో సయీద్ 90 శాతం పైగా ఓట్లతో మళ్లీ గెలిచాడు. ప్రత్యర్థుల్లో ఒకరు పోలింగ్ నాటికి జైల్లో ఉన్నారు. ఓటేసినవారు నూటికి ఇరవై తొమ్మిది మంది కూడా లేరు. ఆ ఓటేసినవారిలో ముప్పై అయిదేళ్ల లోపు యువత వాటా ఆరు శాతమని ఎన్నికల సంఘమే ప్రకటించింది.