మొబైల్ షాపులో ఏ వస్తువుకి ఏ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ వేయాలి?

మా పెద్దమండ్యంలో తమ్ముడు చిన్న మొబైల్ షాపు పెట్టాడు. బిల్లింగ్ యాప్‌లో ఫోన్ నుంచి పవర్ బ్యాంక్ దాకా అన్నింటికీ 8517 అని కొట్టేశాడు. మదనపల్లె వ్యాపారి ఒకాయన పవర్ బ్యాంకులు, ఛార్జర్లు తీసుకుని, "కోడ్లు తప్పు, బిల్లు మార్చివ్వు" అని వెనక్కి పంపాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని సరిచేశాం.

కిటుకు ఒకటే. ఆ వస్తువు దేనికి పనికొస్తుందని కాదు, అసలు అదేంటో చూడాలి.

• స్మార్ట్‌ఫోన్: 85171300
• కీప్యాడ్ ఫోన్: 85171400
• పవర్ బ్యాంక్: 8507, ఎందుకంటే అది బ్యాటరీ
• ఛార్జర్: 8504
• వైర్ ఇయర్‌ఫోన్స్: 8518
• టెంపర్డ్ గ్లాస్: 7007, గాజు కాబట్టి
• ఫోన్ రిపేర్: 9987. సేవలకు వేసే ఎస్‌ఏసీ కోడ్లన్నీ 99తోనే మొదలవుతాయి

"అన్నింటికీ 18 శాతమే కదా, కోడ్ ఏదైతే ఏంటి?" అన్నాడు తమ్ముడు. పన్ను మారదు, నిజమే. కానీ జీఎస్‌టీఆర్-1లో కోడ్ వారీగా లెక్క చూపాలి. 2025 నుంచి అక్కడ కోడ్ టైప్ చేయడం కుదరదు, జాబితాలోంచే ఎంచుకోవాలి. వ్యాపారులకిచ్చే బిల్లులో టర్నోవర్ 5 కోట్ల లోపైతే 4 అంకెలు, దాటితే 6 అంకెలు వేయాలి.

కోడ్ తెలియకపోతే జీఎస్‌టీ పోర్టల్‌లో 'సెర్చ్ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్' తెరవండి. అక్కడ షాపు పేర్లు కాకుండా టారిఫ్ పేర్లు వాడాలి. పవర్ బ్యాంక్‌కి 'ఎలక్ట్రిక్ అక్యుములేటర్' అని వెతకండి. వివరణ చదివాకే కోడ్ ఖాయం చేసుకోండి.

మావాడు మర్నాడే కొత్త బిల్లు పంపాడు. మీరు కూడా మీ యాప్‌లో కోడ్లు ఓసారి చూసుకోండి.