గొంతుకు పొగ పెడుతున్నామా?

మాది ఖానాపురం హవేలి. మా మేనమామ బుర్రకథ చెబితే మైకు లేకుండానే ఆఖరి వరస దాకా వినబడేది. ఇవాళ పక్కన కూర్చుంటే తప్ప ఆయన మాట వినబడదు. కారణం, జేబులో ఎప్పుడూ ఉండిన బీడీ కట్ట.

బీడీ మనకు పరాయిది కాదు. ఎండాకాలం వచ్చిందంటే భద్రాచలం అడవుల్లో తునికాకు కోత మొదలవుతుంది. 50 ఆకులకో కట్ట కట్టి కల్లాల్లో ఆరబెడతారు. ఎందరో గిరిజనులకు ఆ కొద్దిరోజుల కూలే పెద్ద ఆసరా. కాబట్టి ఆకును తిట్టడం నా ఉద్దేశం కాదు. అందులో చుట్టిన పొగాకు గొంతునేం చేస్తుందో చెప్పాలని.

మన కంఠంలో రెండు స్వరతంత్రులున్నాయి. మాట్లాడేటప్పుడు అవి మగవారిలో సెకనుకు సుమారు 100 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు అదురుతాయి. వాటి మీది పొర తడిగా, మెత్తగా ఉంటేనే పలుకు తేటగా వస్తుంది. పొగ ఆ పొరను ఎండబెట్టి మండిస్తుంది. కళ్ళెను పైకి తోసే సూక్ష్మ కేశాలు మొద్దుబారతాయి. ఇక పొద్దున్నే దగ్గు, మాటిమాటికీ సకిలింపు. ఆ ఒరిపిడికి తంత్రులు ఇంకా వాస్తాయి. వాచి బరువెక్కిన తంత్రి నెమ్మదిగా అదురుతుంది గనుక గొంతు బొంగురుపోతుంది. ఆ పైన కొందరికి తెల్లమచ్చలు, క్యాన్సర్.

"బీడీ చిన్నది, ఏం చేస్తుందిలే" అంటారు. బీడీ ఊరికే ఆరిపోతుంది. అందుకని గట్టిగా, ఎక్కువసార్లు పీల్చాలి. విషమూ ఆ లెక్కనే లోపలికి పోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాన నిప్పుకొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్ ఎక్కువని పరిశోధకులు ఏనాడో తేల్చారు.

1854లోనే గార్షియా అనే సంగీతం మాస్టారు చిన్న అద్దంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. గొంతులోకి తొంగిచూడటం డాక్టరుకు నిమిషం పని. మామయ్య మాత్రం "కథ చెప్పీ చెప్పీ బొంగురుపోయిందిరా" అంటూ ఎనిమిది నెలలు గడిపాడు. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. మొదట్లోనే పట్టుకుంటే రేడియేషన్‌తో చాలామందికి రెండూ దక్కుతాయి. మూడు వారాలు దాటిన బొంగురును ఉపేక్షించకండి.

2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం. హాస్టలు వెనక గోడకు మాత్రం ఏ చట్టమూ కాపలా ఉండదు. అక్కడ నేనూ నిలబడ్డవాణ్ణే. మామయ్య ఆసుపత్రిలో పలక మీద "నీళ్ళు" అని రాసి చూపించిన రోజు మానేశాను. మిత్రులారా, మీరు అంతదాకా ఆగకండి.