హింస పట్ల వైఖరులు

హింస పట్ల వైఖరి అనగా ఒక హింసాత్మక చర్యను మనిషి ఎంతవరకు సమర్థిస్తాడు, ఎంతవరకు ఖండిస్తాడు, అసలు దానిని హింసగా గుర్తిస్తాడా లేదా అన్నవాటిని నిర్ణయించే మానసిక ధోరణి. సామాజిక మనోవిజ్ఞాన శాస్త్రంలో ఇది ఒక ముఖ్యమైన అధ్యయనాంశం. వైఖరి, ప్రవర్తన ఒకటి కావు. జీవితంలో ఎవరిపైనా చేయి ఎత్తని వ్యక్తి కూడా ఇతరులు చేసే హింసను మనసులో సమర్థించవచ్చు. తెలంగాణలోని గోదావరిఖని, రామగుండం బొగ్గు గనుల ప్రాంత చరిత్ర ఈ అంశాన్ని అర్థం చేసుకోవడానికి బాగా ఉపకరిస్తుంది.

ముఖ్యమైన పరిశోధనలు

1961లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా బృందం 72 మంది చిన్నపిల్లలపై ఒక ప్రయోగం చేసింది. పెద్దవారు ఒక బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. హింస చూసి నేర్చుకునేదని ఈ ప్రయోగం సూచించింది. 1963లో ప్రచురితమైన స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగంలో 40 మందిలో 26 మంది, అధికారి స్థానంలో ఉన్న వ్యక్తి ఆదేశించగా, ఎదుటివారికి 450 వోల్టుల విద్యుదాఘాతం ఇవ్వడానికి కూడా వెనుకాడలేదు. నిజానికి ఆ యంత్రం నుండి ఎవరికీ విద్యుత్తు వెళ్ళలేదు. ఆ సంగతి వారికి తెలియదు.

వైఖరులను నేరుగా పరిశీలించినది మిచిగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన మోనికా బ్లూమెంథాల్, రాబర్ట్ కాన్ ప్రభృతుల సర్వే. 1969లో జరిపిన ఈ సర్వే ఫలితాలు 1972లో పుస్తకంగా వచ్చాయి. నిర్బంధ సైనిక సేవకు సంబంధించిన కార్డును తగలబెట్టడం హింస అని చెప్పినవారి కంటే, దోపిడీదారులపై పోలీసులు కాల్పులు జరపడం హింస అని చెప్పినవారు తక్కువ. తమకు నచ్చని వర్గం చేసిన పనిని ప్రజలు హింస అంటారు. తాము ఆమోదించే వర్గం చేసిన పనికి 'శాంతిభద్రతలు' వంటి వేరే పేరు పెడతారు.

కొలిచే విధానం

ఇటువంటి పక్షపాతాన్ని తరగతి గదిలోనే పరీక్షించవచ్చు. ఉదాహరణకు, 'ఒక వ్యక్తిని అర్ధరాత్రి ఇంటి నుండి తీసుకువెళ్ళి కొట్టారు' అన్న ఒకే వాక్యంతో రెండు ప్రశ్నాపత్రాలు తయారు చేస్తారు. ఒకదానిలో కొట్టినవారు పోలీసులు, రెండవదానిలో సాయుధ దళ సభ్యులు. మిగిలిన వివరాలన్నీ ఒకటే. విద్యార్థులు ఈ పని ఎంతవరకు సమంజసమో ఐదు అంచెల కొలమానంపై గుర్తిస్తారు. రెండు పత్రాల సగటుల మధ్య తేడా ఉంటే అది చర్యను బట్టి కాక కర్తను బట్టి వచ్చిన తేడా అవుతుంది. పత్రాలపై పేర్లు రాయించరాదు. భయం ఉన్న చోట మనుషులు తమ అభిప్రాయాన్ని కాక, ఎదుటివారు వినగోరే జవాబును చెబుతారు.

సింగరేణి ప్రాంతం

సింగరేణి కాలరీస్ కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. 1981లో వేతన కోత నిబంధనకు వ్యతిరేకంగా కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. పీపుల్స్ వార్‌కు అనుబంధమైన సింగరేణి కార్మిక సమాఖ్య ఆ కాలంలోనే ఏర్పడింది. తరువాతి రెండు దశాబ్దాలలో ఉత్తర తెలంగాణలో ఒకవైపు ఎదురుకాల్పుల పేరిట మరణాలు, మరొకవైపు ఇన్‌ఫార్మర్లన్న ముద్రతో హత్యలు జరిగాయి. 1998లో సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు రహస్య బ్యాలెట్ పద్ధతిలో మొదలయ్యాయి. కార్మికుడు ఎవరికీ భయపడకుండా తన ఎంపికను తెలిపే మార్గం దీనివలన ఏర్పడింది.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. ఇటువంటి మరణాలను సాధారణంగా ప్రమాదం అంటారు, హింస అనరు. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో 'నిర్మాణాత్మక హింస' అన్న భావనను ప్రతిపాదించాడు. నివారించదగిన మరణం వ్యవస్థలోని లోపం వలన జరిగితే, కొట్టిన చేయి కనబడకపోయినా అది హింసేనని ఆయన వాదన. అంత విస్తృతమైన నిర్వచనం వలన ఆ పదానికి స్పష్టత పోతుందని విమర్శకులు అంటారు.

పౌర స్పందన వేదిక

విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వాన 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక ఇరుపక్షాల హింసను ఒకే కొలబద్దతో చూడాలని ప్రయత్నించింది. రాజనీతిశాస్త్ర ఆచార్యుడు జి.హరగోపాల్, న్యాయవాది కె.జి.కన్నబిరాన్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు ఇందులో సభ్యులు. శంకరన్‌ను 1987లో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు వద్ద పీపుల్స్ వార్ దళం అపహరించింది. అయినా ఆయన సంభాషణ మార్గాన్నే ఎంచుకున్నారు. వేదిక సభ్యులు గ్రామాలు తిరిగి, రెండువైపులా అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలను కలిశారు. ప్రభుత్వానికి, పార్టీకి కూడా లేఖలు రాశారు.

2004 అక్టోబరు 15 నుండి 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వానికి, నక్సలైటు పార్టీలకు మధ్య చర్చలు జరిగాయి. 2005 జనవరిలో ఆ ప్రక్రియ నిలిచిపోయింది. చర్చలు ఫలించకపోయినా, చంపినవారు ఎవరన్నదానికంటే మరణించినవారి కుటుంబం ఏమైందన్న ప్రశ్నను వేదిక బహిరంగ చర్చలోకి తీసుకువచ్చింది. హింస పట్ల వైఖరులను అధ్యయనం చేసే విద్యార్థి తన వైఖరిని పరీక్షించుకోవడానికి కూడా ఈ ప్రశ్నే తొలి మెట్టు.