రీటేక్ లేని ఛేజింగ్!

క్లైమాక్సులో కార్ల ఛేజింగ్ రాగానే నేల నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు! మరి ఆ ఛేజింగ్ డూపు లేకుండా, ఎడిటర్ కత్తెర పడకుండా మీ కళ్లెదుటే జరిగితే? ర్యాలీక్రాస్ అంటే అదేనండీ.

అసలీ ఆట పుట్టిందే కెమెరా కోసం. మామూలు ర్యాలీలో కార్లు అడవి దారుల్లో ఒక్కొక్కటిగా పోతాయి. చలిలో గంటలకొద్దీ నిలబడ్డవాడికి ఒక్కో కారు రెండు క్షణాలు కనిపించి, దుమ్ము కొట్టి మాయమవుతుంది. గెలిచిందెవరో టైములు లెక్కకడితేగాని తెలీదు. టీవీకి అదేం పనికొస్తుంది? అందుకే 1967 ఫిబ్రవరి 4న ఇంగ్లండులో, కెంట్ ప్రాంతంలోని లిడెన్ హిల్ దగ్గర ఐటీవీ కార్యక్రమం కోసం ఆ కార్లను చిన్న ట్రాక్ మీదికి దించారు. పోర్షే 911లో విక్ ఎల్ఫర్డ్ గెలిచాడు. మరుసటేడు మాంటీకార్లో ర్యాలీ కొట్టిందీ ఈయనే!

లిడెన్ హిల్ ట్రాక్ మైలు పొడవు. గడ్డిగట్టు మీద కూర్చుంటే ఆటంతా అరచేతిలో ఉన్నట్టే. కొంత తారు, కొంత మట్టి. తారు మీద బుద్ధిగా వచ్చిన కారు మట్టి తగలగానే తోక తిప్పుతుంది! పెద్ద తరగతి కార్లకు 600 హార్స్‌పవర్. వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండు సెకన్లు చాలు. అయిదు కార్లూ ఒకే మలుపులోకి తోసుకెళ్తాయి. బంపర్లు ఊడతాయి. అయిదారు నిమిషాల్లో ఖేల్ ఖతం!

ఇందులో అసలు మెలిక జోకర్ ల్యాప్. ప్రతి డ్రైవరూ రేసులో ఒక్కసారి పక్కదారిలో తిరిగి రావాలి. సాధారణంగా అది చుట్టుదారి. ఎప్పుడెళ్లాలో అతనిష్టం. పేకాటలో జోకరొస్తే పండగ, ఇక్కడది తీర్చక తప్పని అప్పు. ముందున్నవాడు ఆ అప్పు తీర్చాడా లేదా? గట్టు మీద జనమంతా వేళ్ల మీద లెక్కలే!

2022లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెద్ద తరగతి కరెంటు కార్లకు మారింది. వేగం తగ్గలేదు, చప్పుడు పోయింది. రీరికార్డింగ్ లేని సినిమాలా ఉందని పాత అభిమానుల గోల. పైగా 2023 జులైలో అదే లిడెన్ హిల్‌లో ఓ జట్టు కరెంటు కార్లు మంటల్లో కాలిపోయి, ఆ తరగతి పోటీయే ఆగిపోయింది.

2024లో ఇంజన్ కార్లనీ కరెంటు కార్లనీ కలిపి వదిలారు. ఇంజన్ కారెక్కిన స్వీడన్ వీరుడు యోహాన్ క్రిస్టోఫర్సన్ ఛాంపియనయ్యాడు. నేనా? నాది చప్పుడు పార్టీయే!