లక్క భరిణెకు మెరుపు ఎలా వస్తుంది?

కుంకుమ భరిణె మీద నున్నగా మెరిసేది పెయింటు అనుకుంటాం. కాదు, అది లక్క. మోదుగ, రేగు కొమ్మల మీద లక్క పురుగులు తమ చుట్టూ కట్టుకునే బంకే లక్క.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో ఈ పని చేస్తారు. వాళ్ళ బొమ్మలకు 2017లో జి.ఐ. గుర్తింపు వచ్చింది.

ముందు అంకుడు కర్రను బాగా ఎండబెట్టాలి. పచ్చిగా ఉంటే తర్వాత పగిలిపోద్ది. ఎండిన కర్రను తరిమెనకు, అంటే లేత్ మిషన్‌కి, బిగిస్తారు. అది గిర్రున తిరుగుతుంటే ఉలితో చెక్కి, లోపల తొలుస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని కర్రకు ఆనించి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఘర్షణ వల్ల వేడి పుడుతుందని సైన్సులో చదివాం కదా, అదే ఇది! చివరికి మొగలి ఆకుతో అదిమి రుద్దితే మెరుపు వస్తుంది. బ్రష్షు లేదు, స్ప్రే లేదు.

రంగులు కూడా పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటి నుంచి తీస్తారు. చంటిపిల్లలు బొమ్మలు నోట్లో పెట్టుకుంటారు కదా, అందుకే ఇవి మంచివి.

అంకుడు చెట్టు మా కొండ మీద కూడా ఉంది. మా అయ్యకు చదువు రాదు గానీ ఒక సంగతి తెలుసు. మొదలు ఉంచి కొడితే అంకుడు మళ్ళీ చిగురేస్తుంది, వేళ్ళతో పీకితే ఇంక రాదు. కర్రా అడవిదే, లక్కా చెట్టు మీదదే. చెట్టు పోతే భరిణె కూడా పోయినట్టే. అందుకని సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట మీ ఊళ్ళో కూడా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని