అడవి అంచు ఊళ్లు: కార్చిచ్చు నుండి రక్షణ

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసన, ఒక గుట్టపై ఫలక్‌నుమా ప్రాసాదం ఉన్నది. పైగా వంశీయుడైన వికారుల్ ఉమ్రా నిర్మింపజేసిన ఈ ప్రాసాదం 1893 నాటికి పూర్తి అయినది. ఫలక్‌నుమా అంటే ఆకాశ దర్పణం అని చెప్పుకోవచ్చు. ఈ ప్రాంతం నుండి రెండు దారులు దక్షిణదిశగా సాగుతాయి. ఒకటి రైలు దారి. అది ఉందానగర్, తిమ్మాపూర్ మీదుగా షాద్‌నగర్ చేరుతుంది. రెండవది చాంద్రాయణగుట్ట దాటి, కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా శ్రీశైలం వెళ్లే రహదారి.

ఈ రెండు దారులకూ కార్చిచ్చుతో సంబంధం ఉన్నది. షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి పెద్ద ఆంటెనాలు ఉన్నవి. భూమిని చుట్టివచ్చే ఉపగ్రహాలు పంపే చిత్రాలను అవి అందుకుంటాయి. ఆ చిత్రాలను బట్టి అడవిలో ఎక్కడ నిప్పు రాజుకున్నదో తెలుసుకోవచ్చు. రెండవ దారిలో సుమారు 140 కిలోమీటర్లు వెళితే మన్ననూరు వస్తుంది. అక్కడినుండి నల్లమల అడవి. ఆ అడవిలో అప్పాపూర్, బౌరాపూర్ వంటి చెంచు పెంటలు ఉన్నవి. పెంట అంటే చెంచుల చిన్న పల్లె.

ఆకాశంలో కన్ను ఉన్నంత మాత్రాన పెంటలోని గుడిసె నిప్పునుండి తప్పించుకోగలదా? తప్పించుకోవాలంటే ఇంకేమి కావాలి? ఈ ప్రశ్నకు సమాధానం నిప్పు స్వభావంలోనే ఉన్నది.

నిప్పుకు కావలసినవి

ఏ నిప్పుకైనా మూడు వస్తువులు కావాలి: కాలే పదార్థం, ప్రాణవాయువు, తగిన వేడి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా నిప్పు ఆరిపోతుంది. అడవిలో గాలిని ఎవరూ తొలగించలేరు. కనుక మిగిలినవి రెండే. ఒకటి, తొలి నిప్పురవ్వ పడకుండా చూడడం. రెండు, అది పడినా కాలడానికి ఏమీ లేకుండా చేయడం.

తెలుగునాట అడవులు ఎక్కువగా ఆకు రాల్చే జాతివి. మాఘమాసం నుండి ఆకు రాలుతుంది, గడ్డి ఎండుతుంది. ఫిబ్రవరి నుండి మే వరకు నేలమీద ఎండుటాకు పరచుకొని ఉంటుంది. బ్రతికి ఉన్న ఆకు నీటిని వేళ్లనుండి పొందుతుంది. రాలిన ఆకుకు ఆ ఆధారం లేదు. దానిలోని తేమ చుట్టూ ఉన్న గాలిని అనుసరించి పెరుగుతుంది, తరుగుతుంది. తెల్లవారుజామున మెత్తగా ఉన్న ఆకు మధ్యాహ్నం రెండు గంటలకు చేతిలో పొడి అవుతుంది. అందుచేతనే రాత్రి మందగించిన మంట పగలు ఎండెక్కగానే మరల విజృంభిస్తుంది.

గాలి మంటను ముందుకు వంచుతుంది. ఏటవాలు నేల కూడా అదే పని చేస్తుంది. కొండ ఎక్కే మంటకు ఎదురుగా ఉన్న గడ్డి మంటకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, ముందే వేడెక్కి, తేమను కోల్పోయి సిద్ధంగా ఉంటుంది. నేల వాలు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట ఎగబ్రాకే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండలమీద జరిగిన దుర్ఘటనకు ఇదే సాక్ష్యం. ఎండుగడ్డి వాలుమీద చిక్కుకుపోయిన పర్వతారోహకులలో ఇరవైమందికి పైగా మరణించారు. నిప్పుకంటె వేగంగా కొండ ఎక్కడం మనిషికి సాధ్యం కాదు. గుట్టపైన ఇల్లు కట్టుకొన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారికి ప్రమాదం దిగువనుండి వస్తుంది.

ఇక తొలి నిప్పురవ్వ సంగతి. మన అడవులలో నిప్పు తనంతట పుట్టడం బహు అరుదు. ఇప్పపువ్వు ఏరేవారు చెట్టు క్రింద ఆకు తగులబెట్టడం, కొత్త గడ్డి కొరకు పశువుల కాపరులు ఎండుగడ్డికి నిప్పు పెట్టడం, బాటసారులు బీడీముక్క ఆర్పకుండా పారవేయడం, వంట చేసుకొని పొయ్యి ఆర్పకుండా పోవడం, ఇవే ముఖ్య కారణాలు.

ఇల్లు ఎట్లా అంటుకుంటుంది?

అడవి కాలితే ఊరు కాలక తప్పదని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. నిప్పు ఇంటిని మూడు విధాలుగా చేరుతుంది. మంట నేరుగా తాకడం మొదటిది. దూరంనుండి సోకే వేడి రెండవది. గాలిలో ఎగిరివచ్చే నిప్పురవ్వలు మూడవది.

వీటిలో వేడి దూరంతోబాటు త్వరగా తగ్గిపోతుంది. 1990ల చివర కెనడా వాయవ్య అడవులలో దీనిని ప్రయోగపూర్వకంగా పరీక్షించారు. అడవిని కొలిచి, ఉద్దేశపూర్వకంగా తగులబెట్టి, దాని ఎదుట వేర్వేరు దూరాలలో కొయ్యగోడలు నిలిపారు. చెట్ల కొనలవరకు మండే ఆ భయంకరమైన మంటల ముందు కూడా, 10 మీటర్ల దూరంలోని గోడలు కొన్నిసార్లు మాత్రమే అంటుకున్నవి. 20 మీటర్ల దూరంలో ఉన్నవి కమిలినా అంటుకోలేదు. అంటే ఇంటిచుట్టూ 30 మీటర్ల మేర కాలే వస్తువులను తగ్గిస్తే, అడవి మంట తన వేడిచేత ఇంటిని కాల్చలేదు.

అయితే నిప్పురవ్వలకు ఈ దూరం లెక్కలోనిది కాదు. గాలి బలంగా ఉన్నప్పుడు అవి కిలోమీటరు దాటి కూడా ఎగిరి పడగలవు. రవ్వ పడినచోట ఏమి ఉన్నది అనేదే ముఖ్యం. కాంక్రీటు కప్పుమీద పడితే అది ఆరిపోతుంది. బోదగడ్డి కప్పుమీద, పెరటిలోని గడ్డివామిపైన, గోడకు ఆనించిన కట్టెలమోపుపైన పడితే ఇల్లు పోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2018 నవంబరు 8న పారడైజ్ అనే పట్టణం కాలిపోయినప్పుడు పలుచోట్ల ఒక వింత కనిపించింది. ఇళ్లు బూడిద అయినవి, పక్కన చెట్లు పచ్చగా నిలిచి ఉన్నవి. అక్కడ నిప్పు చెట్టునుండి ఇంటికి కాక, రవ్వలనుండి ఇంటికి, ఇంటినుండి ఇంటికి పాకినది.

తిరుమల నేర్పిన పాఠం

అడవి నడుమ ఉన్న పట్టణానికి తెలుగునాట అన్నిటికంటె పెద్ద ఉదాహరణ తిరుమల. నాలుగు దిక్కులా శేషాచలం అడవి. ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్ది ప్రాంతాలలో ఇది ఒకటి. 2010లో దీనిని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. కొండపైన ఏ రోజు చూచినా వేలాది యాత్రికులు ఉంటారు. వారిలో చాలామందికి ఆ దారులు కొత్త.

2014 మార్చి మూడవ వారంలో ఈ కొండలలో కార్చిచ్చు చెలరేగి కొన్ని రోజులు మండింది. అటవీ సిబ్బందికి, అగ్నిమాపక దళానికి తోడుగా భారత వైమానిక దళం హెలికాప్టర్లను పంపవలసి వచ్చింది. అవి నీటిని మోసుకువచ్చి మంటలపై కుమ్మరించాయి.

హెలికాప్టరు గొప్ప సహాయమే. కాని అది రావడానికి వ్యవధి పడుతుంది. పొగ దట్టమైతే పైలటుకు చూపు ఆనదు. కుమ్మరించిన నీటిలో కొంత దారిలోనే ఆవిరి అవుతుంది. అన్నిటికీ మించి, దేశంలోని ప్రతి పల్లెకూ హెలికాప్టరు రాదు. తిరుమలకు వచ్చిన సహాయం అప్పాపూర్ పెంటకు అంత త్వరగా అందదు. కనుక నిప్పు పుట్టిన తరువాత చేసే పనికంటె, పుట్టకముందు చేసుకొనే ఏర్పాటే పల్లెకు అసలైన రక్షణ.

ప్రణాళిక అంటే ఏమి?

అమెరికాలో 2003లో చేసిన ఒక చట్టం అడవి అంచు ఊళ్లు తమకు తామే రక్షణ ప్రణాళిక వ్రాసుకోవాలని ప్రోత్సహించింది. అటువంటి ప్రణాళికకు మూడు లక్షణాలు ఉండాలి. ఊరివారు, అగ్నిమాపక శాఖ, అటవీ శాఖ కలిసి కూర్చుని దానిని తయారుచేయాలి. ఏ చోట కాలే పదార్థాన్ని ముందుగా తగ్గించాలో వరుస నిర్ణయించాలి. ఇళ్లు త్వరగా అంటుకోకుండా ఏమి చేయాలో చెప్పాలి. ఈ మూడూ మన పల్లెలకు కూడా వర్తిస్తాయి. కలిసి కూర్చోవడానికి మనకు వేదికలు ఉన్నవి. గ్రామ పంచాయతీ ఉన్నది. 1992 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడుతూ వచ్చిన వన సంరక్షణ సమితుల అనుభవం ఉన్నది.

మొదటి పని పటం గీయడం. ఊరి ఇళ్లు, దారులు, బావులు, చెరువు, గడ్డివాములు, అడవి అంచు, నేల వాలు, వేసవిలో గాలి వీచే దిక్కు, ఇవన్నీ అందులో ఉండాలి. నడవలేని వృద్ధులు, పసిపిల్లలు ఉన్న ఇళ్లను గుర్తించాలి. ఊరినుండి బయటికి ఎన్ని దారులు ఉన్నవో చూడాలి. పారడైజ్ పట్టణానికి ముందే ప్రణాళిక ఉన్నది. ఒక్కొక్క పేటను వరుసగా ఖాళీ చేయించవచ్చునని దానిలో తలచారు. మంట అన్ని పేటలకూ దాదాపు ఒక్కసారిగా వచ్చింది. ఉన్న కొద్ది దారులు వాహనాలతో నిండిపోయినవి. ఆ అగ్నిప్రమాదంలో 85 మంది మరణించారు. వారిలో చాలామంది వృద్ధులు. 18 వేలకు పైగా కట్టడాలు నాశనమైనవి.

రెండవ పని ఇంటిచుట్టూ మూడు వలయాలు ఏర్పరచడం. గోడనుండి ఒకటిన్నర మీటరు వరకు కాలే వస్తువు ఏదీ ఉండరాదు. కట్టెలు, పిడకలు, గోనెసంచులు అక్కడ పెట్టరాదు. 10 మీటర్ల వరకు ఎండుటాకు ఊడ్చి, గడ్డి కోసి, ఇంటికప్పును తాకే కొమ్మలు నరకాలి. 30 మీటర్ల వరకు పొదలను పలుచన చేయాలి. గడ్డివామి ఈ హద్దుకు అవతలనే వేయాలి.

మూడవ పని అడవికి, ఊరికి నడుమ ఫైర్ లైన్లు అనే ఖాళీ బాటలు తీయడం. కొన్ని మీటర్ల వెడల్పున ఆకు, గడ్డి తొలగించి నేలను బయటపెడితే నేలబారు మంట అక్కడికి వచ్చి ఆగిపోతుంది. కొన్నిచోట్ల అటవీ సిబ్బంది చలికాలపు చివరలో, గాలి లేని వేళ, ఈ బాటల వెంట గడ్డిని అదుపులో ఉంచి తామే కాలుస్తారు. ఇది శిక్షణ పొందినవారి పని. ఎవరికివారు చేయరాదు. ఈ బాటలు ఒకసారి తీస్తే చాలదు. ఆకు మరల రాలుతుంది, మరల ఊడ్వాలి.

నాలుగవ పని వార్త అందే ఏర్పాటు. ఉపగ్రహాల వేడి గుర్తులను బట్టి భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి రాష్ట్రాల అటవీ శాఖలకు హెచ్చరికలు పంపుతున్నది. కాని ఈ ఉపగ్రహాలు ఒకచోటి మీదుగా రోజుకు కొన్నిసార్లు మాత్రమే వెళతాయి. చెట్లనీడన ఉన్న చిన్న మంట, రెండు ప్రయాణాల మధ్య పుట్టి పెరిగిన మంట వాటి కంటబడకపోవచ్చు. గుట్టపైనుండి పొగను చూడగల మనిషి, ఆ పొగ ఏ వాగు పక్కదో చెప్పగల మనిషి ఇప్పటికీ అవసరం. నల్లమలలో ఆ మనిషి సాధారణంగా చెంచు. అటవీ శాఖ చెంచులను వేసవిలో అగ్ని కాపలాదారులుగా నియమించడం అందువల్లనే. వారిని కూలికి పిలిచి, ప్రణాళిక వ్రాసేటప్పుడు పిలవకపోతే అది కాగితంమీదనే మిగిలిపోతుంది. కప్పుకు గడ్డి మాత్రమే దొరికే కుటుంబానికి, గడ్డి ప్రమాదమని చెప్పి ఊరుకోవడం కూడా ప్రణాళిక కాదు. పెంకో రేకో అందేటట్లు చూడడం అందులో భాగమే.

నగరానికి కూడా వర్తిస్తుంది

ఇది అడవిపల్లెల విషయమే అనుకోరాదు. హైదరాబాదు దక్షిణంగా పెరుగుతున్నది. శ్రీశైలం రహదారి పొడవునా కొత్త ఇళ్లు రంగారెడ్డి జిల్లాలోని రిజర్వు అడవుల సరిహద్దుల వరకు చేరుతున్నవి. నగరపు తూర్పు అంచున మహావీర్ హరిణ వనస్థలి చుట్టూ పేటలు వెలసినవి. అక్కడి గడ్డి, తుప్పలు కూడా వేసవిలో ఎండుతాయి. ప్రహరీగోడ అవతల చెత్త పోసి నిప్పంటించే అలవాటు అటువంటిచోట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. పొగ కనిపించగానే 101కు గాని 112కు గాని ఫోను చేయాలి.

పాఠశాలలో చేయదగిన పని

ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులచేత నిప్పు లేకుండానే పరిశీలింపజేయవచ్చు. ఒకే చెట్టు క్రింది రాలిన ఆకులను తెల్లవారుజామున 100 గ్రాములు, మధ్యాహ్నం రెండు గంటలకు 100 గ్రాములు తూచి, వేర్వేరు సంచులలో ఉంచాలి. రెండింటినీ మూడు రోజులు బాగుగా ఎండబెట్టి మరల తూచాలి. తగ్గిన బరువు ఆకులోని తేమ. డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి ఇట్లా చేసి నాలుగు అంకెలను పోల్చితే, అడవి ఏ నెలలో, ఏ వేళ నిప్పుకు సిద్ధంగా ఉంటుందో విద్యార్థికి తానే తెలుస్తుంది. ఆ తరువాత తమ ఊరి పటం గీయించవచ్చు. అడవి అంచు ఊళ్లలో ఆ పటాన్ని పంచాయతీకి అందజేస్తే, ఊరి ప్రణాళికకు మొదటి పుట వ్రాసినట్లే అవుతుంది.

షాద్‌నగర్ ఆంటెనా నిప్పు ఎక్కడ ఉన్నదో చెప్పగలదు. గోడపక్కన ఎండుటాకు ఊడ్చే పని దానివల్ల కాదు. అది ఫిబ్రవరి రాకముందే ఆ ఇంటివారు చేయవలసిన పని.